ఫార్మాలో బిజినెస్ డెవలప్‌మెంట్ డైరెక్టర్: పని ఏమిటి, అర్హత ఏమిటి?

మీరు అడిగింది ఇది. బీఫార్మసీ తర్వాత ఎంబీఏ చేశారు. హైదరాబాద్‌లో ఒక ఏపీఐ (మాత్రలో పనిచేసే అసలు మందు పదార్థం) కంపెనీలో పదేళ్లకు పైగా బిజినెస్ డెవలప్‌మెంట్‌లోనే ఉన్నారు, ఇప్పుడు సీనియర్ మేనేజర్. ఒక మధ్యస్థాయి కంపెనీ నుంచి బీడీ (బిజినెస్ డెవలప్‌మెంట్) డైరెక్టర్ పోస్టుకు పిలుపు వచ్చింది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు నిజంగా చేసే పని ఏమిటి, మీ చదువు సరిపోతుందా, ముందు పెద్ద కాలేజీలో ఇంకో ఎంబీఏ చేయడం మంచిదా అన్నది మీ సందేహం. నేను బల్క్ డ్రగ్స్‌లో (ఏపీఐలకే ఇంకో పేరు) మొదలుపెట్టి, తర్వాత ఫార్ములేషన్లు (మాత్రలు, క్యాప్సూల్స్ లాంటి తయారైన మందులు), కాంట్రాక్ట్ తయారీ కూడా చూశాను. ఈ పోస్టుకు వచ్చినవాళ్లను చాలామందిని ఇంటర్వ్యూ చేశాను. కాబట్టి ఫార్మా వరకే చెబుతాను. సాఫ్ట్‌వేర్‌లోనో నిర్మాణ రంగంలోనో ఇదే పేరుతో ఉండే ఉద్యోగం వేరు, దాని గురించి చెప్పే అర్హత నాకు లేదు.

సూటిగా మొదలుపెడతాను. మేనేజర్ ఆర్డర్ తెస్తాడు. డైరెక్టర్ కంపెనీ తరఫున మాట ఇస్తాడు. ఆ మాటను ఐదేళ్లో పదేళ్లో మోయాల్సింది ప్లాంటు. ఇచ్చే మాట ప్లాంటు మోయగలదా లేదా అన్నది చెప్పే ముందే తెలుసుకోవడం, మోయలేనిదైతే ఎంత పెద్ద ఆర్డరైనా వద్దనడం, ఈ రెండూ వచ్చినవాళ్లనే నేను డైరెక్టర్ స్థాయి మనుషులుగా చూస్తాను. మిగతా అర్హతలన్నీ దీనికి అవసరమయ్యేవే.

మన రంగంలో మాటకు అంత బరువు ఎందుకో మీకు తెలుసు, అయినా ఒకసారి డైరెక్టర్ వైపు నుంచి చూడండి. అమెరికాలో ఒక జనరిక్ కంపెనీ మీ ఏపీఐ తీసుకోవాలనుకుంది. మీరు డీఎంఎఫ్ (డ్రగ్ మాస్టర్ ఫైల్, తయారీ వివరాలతో నియంత్రణ సంస్థకు ఇచ్చేది) ఫైల్ చేసి ఉండాలి, దాన్ని తమ అప్లికేషన్‌లో చూపుకోవడానికి వాళ్లకు ఆథరైజేషన్ లెటర్ ఇవ్వాలి. వాళ్లు శాంపిల్ చూస్తారు, ప్లాంటు ఆడిట్ చేస్తారు, మీ మెటీరియల్‌తో బ్యాచ్‌లు తీసి స్టెబిలిటీలో (మందు ఎన్నాళ్లు చెడకుండా ఉంటుందో చూసే పరీక్షలో) పెడతారు, తర్వాత అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ఫైల్ చేస్తారు. మొదటి కమర్షియల్ ఆర్డర్ వచ్చేసరికి రెండు మూడేళ్లు గడిచిపోవడం మామూలే. అలా ఒకసారి వాళ్ల అప్లికేషన్‌లో మీ పేరు చేరాక, మిమ్మల్ని మార్చాలంటే మళ్లీ డేటా, మళ్లీ అనుమతి. అందుకే వాళ్లు మిమ్మల్ని అంత తేలిగ్గా వదలరు. మీరు సప్లై ఆపితే అంత తేలిగ్గా క్షమించరు కూడా. యూరప్‌లో సీఈపీ అనే నాణ్యత సర్టిఫికెట్‌తో, బ్రెజిల్‌లో అన్విసా అనే నియంత్రణ సంస్థతో, జపాన్‌లో అక్కడి ఏజెంట్ ద్వారా జరిగే పని వివరాల్లో తేడా ఉన్నా, ఈ ముడి మాత్రం అన్నిచోట్లా ఒకటే. ఈ ఏడాది మీరు ఒప్పుకున్న ప్రాజెక్టు ఫలితం చూసే నాటికి మీరు ఆ కంపెనీలో ఉంటారో లేదో కూడా తెలియదు. అయినా మీరే ఉండి మోస్తారన్నట్టు నిర్ణయం తీసుకోవాలి.

2018 జులైలో జరిగింది గుర్తుందా? చైనాలోని జెజియాంగ్ హువాహై తయారుచేసిన వల్సార్టన్ అనే బీపీ మందులో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ మలినం (క్యాన్సర్ ముప్పు ఉన్నది) బయటపడింది. యూరప్‌లో, అమెరికాలో రీకాల్స్ మొదలయ్యాయి. అక్కడి నుంచి కొనే కంపెనీలు వేరే సోర్సు కోసం వెతుకులాటలో పడ్డాయి. సార్టన్లు (వల్సార్టన్ తరహా బీపీ మందులు) తయారుచేసే మన కంపెనీలకు ఎంక్వైరీలు పోటెత్తాయి. పైకి చూస్తే బీడీ వాళ్లకు పండగ. కానీ ఆ వారంలో కస్టమర్ అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. మీ రూట్‌లో (మందు తయారీ రసాయన క్రమంలో) నైట్రైట్ ఎక్కడ వాడుతున్నారు, డీఎంఎఫ్ సాల్వెంట్ ఎక్కడ వాడుతున్నారు, రికవరీ చేసిన సాల్వెంట్‌ను ఏ స్టేజీలో తిరిగి వేస్తున్నారు? ఇదీ అడిగింది. ఈ డీఎంఎఫ్ డ్రగ్ మాస్టర్ ఫైల్ కాదు, డైమిథైల్‌ఫార్మమైడ్. ఆ తేడా తెలియని బీడీ మనిషి ఆ కాల్‌లో మూడో నిమిషానికే దొరికిపోతాడు. తర్వాత కొద్ది నెలల్లోనే కొన్ని భారతీయ సోర్సుల్లో కూడా ఇలాంటి మలినాలు కనిపించాయి, రీకాల్స్ జరిగాయి. "మా దగ్గర ఆ సమస్య లేదు" అని పరీక్షించకముందే మెయిల్ కొట్టడానికీ, "మా రూట్ ఇదీ, రిస్క్ అసెస్‌మెంట్ జరుగుతోంది, రిజల్ట్స్ ఫలానా తేదీకి ఇస్తాం, అప్పటిదాకా పరిమాణం గురించి మాట ఇవ్వలేం" అని రాయడానికీ మధ్య ఉన్న దూరమే నేను చెబుతున్న డైరెక్టర్ పని. రెండో మెయిల్ రాసినవాళ్లకు ఆర్డర్లు కాస్త ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు. కానీ అలాంటి మెయిల్‌ను కొనుగోలుదారు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాడు.

ఇక ధర. నేను ఇంటర్వ్యూల్లో తప్పకుండా కాగితం మీద చేయించే లెక్క ఒకటుంది, ఇక్కడ ఇస్తున్నాను. అంకెలు ఊహించినవే. ఒక కిలో ఏపీఐకి 1.6 కిలోల కేఎస్ఎం (తయారీ మొదలుపెట్టే కీలక ముడిపదార్థం) కావాలి, కిలో ₹2,500. అంటే ₹4,000. సాల్వెంట్లు, మిగతా కెమికల్స్ ₹1,500. కన్వర్షన్ (ప్లాంటులో తయారుచేసే ఖర్చు) ₹1,200. మొత్తం ₹6,700. మీరు ₹7,500 కోట్ చేశారు. కిలోకి ₹800 మిగులు, అందరికీ సంతోషం. ఏడాది ధర ఫిక్స్ చేసి సంతకం పెట్టారు. నాలుగు నెలలకు చైనాలో కేఎస్ఎం 15 శాతం పెరిగి ₹2,875 అయింది. ఇప్పుడు దానికే ₹4,600, మొత్తం ₹7,300, మిగులు ₹200. అదే సమయంలో ప్లాంటులో ఈల్డ్ (ముడిపదార్థం నుంచి దక్కే ఉత్పత్తి) కాస్త పడి 1.6 బదులు 1.7 కిలోలు పడుతోంది. కేఎస్ఎం ఖర్చు దాదాపు ₹4,888, మొత్తం ₹7,588. కిలోకి ₹88 చేతి నుంచి పెట్టి అమ్ముతున్నారు. ఏడాదికి యాభై టన్నుల కాంట్రాక్టయితే ఎంతవుతుందో వేసుకోండి.

ఈ లెక్క చేసి ఆగిపోయినవాళ్లను మేనేజర్‌గా తీసుకుంటాను. డైరెక్టర్‌గా తీసుకోవాలంటే ఆ తర్వాత వాళ్లు అడిగే ప్రశ్నలు వింటాను. గత ఇరవై బ్యాచ్‌ల ఈల్డ్ ఎంత, అందులో చెడ్డ బ్యాచ్ ఎంత? 1.6 అన్నది ఆర్ అండ్ డీ చెప్పిన అంకెనా, ప్రొడక్షన్ చూపించిన అంకెనా? డీఎంఎఫ్‌లో కేఎస్ఎంకి రెండో వెండర్ ఉన్నాడా? కాంట్రాక్టులో కేఎస్ఎం ధర ఇంత శాతం దాటితే ధర సవరించుకునే క్లాజ్ ఉందా, డాలర్ సంగతేమిటి? సాల్వెంట్ రికవరీ ఎంత శాతం అనుకున్నారు? ఈ ప్రశ్నలు ఎంబీఏ కేస్ స్టడీల్లో రావు. ప్రొడక్షన్ హెడ్ క్యాబిన్‌లో కూర్చుని బ్యాచ్ రికార్డులు తిరగేసినవాళ్లకు వస్తాయి. అందుకే మీకు నా మొదటి సలహా: మీ ప్రస్తుత కంపెనీలో ఉండగానే నెలలో కొన్ని రోజులు ప్లాంటులో గడపండి. ఆఫీసు జూబ్లీహిల్స్‌లోనో మాదాపూర్‌లోనో ఉండి, ప్లాంటు పాశమైలారంలోనో చౌటుప్పల్‌లోనో పరవాడలోనో ఉంటే, ఆ మధ్య దూరాన్ని తగ్గించే మనిషి సాధారణంగా కంపెనీలో ఎవరూ ఉండరు. ఆ మనిషి మీరే అవండి.

కాంట్రాక్టు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. లీగల్ వాళ్లు భాష చూస్తారు, వ్యాపారం చూడాల్సింది మీరు. కస్టమర్ ఎక్స్‌క్లూజివిటీ (తనకు తప్ప ఇంకెవరికీ అమ్మకూడదన్న షరతు) అడిగితే దానికి బదులుగా ఏడాదికి ఇంత కనీస పరిమాణం కొంటానన్న హామీ ఉండాలి, కొనకపోతే ఎక్స్‌క్లూజివిటీ తనంతట తానే పోవాలి. సప్లై చేయలేకపోతే జరిమానా అన్న క్లాజ్‌కు ఒక పరిమితి ఉండాలి. అమెరికా మార్కెట్‌లో టెండర్ పోయిన నష్టమంతా మీ నెత్తిన వేసే డ్రాఫ్టులు వస్తాయి, కిలోకి ₹800 మిగిలే వ్యాపారం ఆ బరువు మోయలేదు. క్రెడిట్ 90 రోజులా, 120 రోజులా అన్నది ఫైనాన్స్ సమస్య అని వదిలేయకండి. కొత్త కొనుగోలుదారైతే ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) కవర్ దొరుకుతుందో లేదో ఆర్డర్ ఒప్పుకునే ముందే చూడాలి.

ఇంతవరకూ చెప్పింది సప్లై వ్యాపారం. పెద్ద కంపెనీల్లో బీడీ డైరెక్టర్ సమయంలో ఎక్కువ భాగం లైసెన్సింగ్‌కు పోతుంది, ఆ పని స్వభావం వేరు. డాక్టర్ రెడ్డీస్ 1997లో బాలాగ్లిటజోన్ అనే డయాబెటిస్ మాలిక్యూల్‌ను డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్స్ చేసింది. ఒక భారతీయ కంపెనీ తన సొంత మాలిక్యూల్‌ను బయటి కంపెనీకి అలా ఇవ్వడం అదే మొదలు. ఆ తర్వాత ఇచ్చిన రాగాగ్లిటజార్ ట్రయల్స్ 2002లో ఆగిపోయాయి, జంతువుల్లో మూత్రాశయ కణితులు కనబడ్డాయని. బాలాగ్లిటజోన్ కూడా మార్కెట్‌కు రాలేదు. అంతమాత్రాన అవి చెడ్డ డీల్స్ అనను. ఖర్చుతో కూడిన పెద్ద ట్రయల్స్ అవతలివాళ్లు చేశారు, ఇవతల డబ్బు మైలురాళ్ల వారీగా వచ్చేలా ఒప్పందం. మాలిక్యూల్ ఫెయిలైనా కంపెనీ నిలబడేలా రాసుకున్న ఒప్పందమే మంచి ఒప్పందం. లైసెన్సింగ్ వైపు వెళ్లాలనుకుంటే ఈ రెండు ఉదంతాలను శ్రద్ధగా చదవండి.

లోపలికి తెచ్చుకునే లైసెన్సులు ఇంకో రకం. గిలియడ్ 2014 సెప్టెంబర్‌లో హెపటైటిస్-సి మందు సోఫోస్బువిర్‌ను 91 దేశాల కోసం తయారుచేసుకునే హక్కును ఏడు భారతీయ జనరిక్ కంపెనీలకు ఇచ్చింది. అందులో మన హెటెరో ఉంది, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మైలాన్ ల్యాబ్స్ ఉంది. పదేళ్ల తర్వాత 2024 అక్టోబర్‌లో హెచ్‌ఐవీ నివారణకు పనికొచ్చే లెనకాపవిర్‌కు ఆరు కంపెనీలను ఎంచుకున్నప్పుడు కూడా హెటెరో, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. ఈసారి 120 దేశాలు. ఇలాంటి జాబితాల్లో చేరడానికి కావలసింది మంచి ప్రెజెంటేషన్ అని ఎవరైనా అంటే నమ్మకండి. పెద్ద పరిమాణాల్లో, తక్కువ ఖర్చుతో, ఆడిట్లకు నిలబడేలా తయారుచేసిన చరిత్ర ఉండాలి. బీడీ డైరెక్టర్ చేయగలిగింది ఆ చరిత్రను సరైన మనిషి ముందు, సరైన సమయంలో పెట్టడం.

సమయం అన్నాను కాబట్టి పోర్ట్‌ఫోలియో గురించి కొద్దిగా. 2001లో డాక్టర్ రెడ్డీస్ ఫ్లూఓక్సెటిన్ అనే డిప్రెషన్ మందు 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్‌కు అమెరికాలో 180 రోజుల ఎక్స్‌క్లూజివిటీ (ఆ కాలంలో వేరే జనరిక్‌కు అనుమతి రాని హక్కు) సాధించింది. అందరూ ఆ ఆరు నెలల రాబడి గురించే మాట్లాడతారు. పేటెంట్‌ను సవాలు చేయాలన్న నిర్ణయం, ఏ స్ట్రెంగ్త్‌కు ముందుగా ఫైల్ చేయాలన్న ఎంపిక ఏళ్ల ముందే జరిగి ఉంటాయి. ఏ ఉత్పత్తి మీద ఆర్ అండ్ డీ డబ్బు పెట్టాలన్న మీటింగ్‌లో మీ మాటకు విలువ ఉందా లేదా అన్నదే మీరు నిజంగా బీడీ డైరెక్టరో, పెద్ద పేరున్న సేల్స్ మేనేజరో తేలుస్తుంది.

ఏటా సాధారణంగా అక్టోబర్‌లో యూరప్‌లో జరిగే పెద్ద ఫార్మా వాణిజ్య ప్రదర్శన సీపీహెచ్‌ఐ గురించి చాలామంది కుర్రాళ్లు ఉత్సాహంగా అడుగుతారు. 2023లో బార్సిలోనా, 2024లో మిలాన్, 2025లో ఫ్రాంక్‌ఫర్ట్. వెళ్లాలి, తప్పదు. కానీ అరగంట స్లాట్‌లో కొత్త వ్యాపారం పుట్టదు. అక్కడికి వెళ్లే ముందు మూడు నెలలు చేసిన పని, వచ్చాక మూడు వారాల్లో పంపిన జవాబులు, వీటితోనే వ్యాపారం నిలుస్తుంది. న్యూజెర్సీలో సోర్సింగ్ విభాగాల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారు, తెలుగులో రెండు మాటలు కలిస్తే మొదటి మీటింగ్ దొరుకుతుంది. ఆడిట్ మాత్రం ఆ పరిచయంతో పాస్ కాదు. అవతలి మనిషిని ఇబ్బంది పెట్టే సాయం ఎప్పుడూ అడగకండి.

అన్నిటికంటే కష్టమైన రోజు గురించి చెబుతాను. ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్ అయిపోయింది, ఫారం 483 (వాళ్లకు కనబడిన లోపాల జాబితా) ఇచ్చి వెళ్లారు. జవాబు ఇవ్వడానికి 15 పనిదినాలు. ప్లాంటులో ఎవరికీ నిద్ర ఉండదు. మీ ఫోన్ మోగుతూనే ఉంటుంది, "ఎన్ని అబ్జర్వేషన్లు, డేటా ఇంటెగ్రిటీ లోపం (రికార్డులు నమ్మదగ్గవి కావన్నది) ఉందా, మా ప్రాడక్ట్ తీసే బ్లాక్‌లోనా?" అని. క్వాలిటీ అగ్రిమెంట్ ప్రకారం ఇన్ని రోజుల్లో తెలియజేయాలని చాలామంది కస్టమర్లకు రాసి ఇచ్చి ఉంటారు. ఆ రోజు మీరు చేయాల్సింది క్యూఏ (నాణ్యత విభాగం) హెడ్‌తో కూర్చుని, ఏ కస్టమర్‌కు ఏ వివరం చెప్పవచ్చో తేల్చుకుని, అందరికంటే ముందు మీరే ఫోన్ చేయడం. ప్రాడక్ట్ మీద ప్రభావం ఉంటే ఉందని చెప్పాలి. తెలియకపోతే ఎప్పటికి తెలుస్తుందో చెప్పాలి. ఇన్‌స్పెక్షన్ చివరికి ఓఏఐగా (ఎఫ్‌డీఏ చర్య తప్పదన్న వర్గంగా) తేలితే కొత్త అనుమతులు ఆగిపోవచ్చు, ఆ ఏడాది మీ టార్గెట్ పోయినట్టే. అయినా అప్పుడు నిజం చెప్పిన డైరెక్టర్‌కు రెండేళ్ల తర్వాత అదే కస్టమర్లు తిరిగి తలుపు తెరుస్తారు. ఈ పని నేర్పే కోర్సు ఏదీ నేను చూడలేదు.

ఇప్పుడు మీ చదువు సంగతి. ఈ కుర్చీలో నేను చూసిన మంచివాళ్లలో బీఫార్మసీ, ఎంబీఏ ఉన్నవాళ్లు ఉన్నారు, ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీలు ఉన్నారు, రెగ్యులేటరీ అఫైర్స్ నుంచి ఇటు మారినవాళ్లు ఉన్నారు. కాంట్రాక్ట్ రీసెర్చ్, తయారీ వైపు, ముఖ్యంగా ఇన్నోవేటర్ (కొత్త మందులు కనిపెట్టే) కంపెనీలతో మాట్లాడే చోట, కెమిస్ట్రీలో పీహెచ్‌డీకి నిజమైన విలువ ఉంది. అవతల కూర్చునేది కూడా శాస్త్రవేత్తే. జనరిక్స్, ఏపీఐ వైపు అయితే మీకున్నది చాలు. రెండో ఎంబీఏ వద్దు. ఆ డబ్బు, ఆ రెండేళ్లు పెట్టాలనుకుంటే పేటెంట్ చట్టం మీద ఒక డిప్లొమా, రెగ్యులేటరీలో ఏడాది పని, కాస్టింగ్ టీమ్‌తో ఆరు నెలలు, వీటి మీద పెట్టండి. డీఎంఎఫ్ ఓపెన్ పార్ట్‌లో (కస్టమర్‌కు చూపేది) ఏముంటుందో, క్లోజ్డ్ పార్ట్‌లో (నియంత్రణ సంస్థకే చూపేది) ఏముంటుందో చూడకుండా చెప్పగలగాలి. బ్యాలెన్స్ షీట్ చదవడం రావాలి, కస్టమర్‌దైనా సరే. ఇంగ్లీష్ యాస గురించి బెంగ పడేవాళ్లను చూస్తుంటాను, అవసరం లేదు. స్పష్టంగా, తక్కువ మాటల్లో రాయడం మాత్రం రావాలి. ఈ ఉద్యోగంలో సగం మెయిళ్లే.

అనుభవం ఎన్నేళ్లు ఉండాలి అంటే, పన్నెండు నుంచి పదిహేనేళ్లు సాధారణంగా అడుగుతారు. ఏళ్లకంటే నేను చూసేది వేరు. ఒక ప్రాజెక్టును మొదటి మెయిల్ నుంచి కమర్షియల్ సప్లై దాకా, ఆ తర్వాత మొదటి కంప్లయింట్ దాకా వెంట ఉండి నడిపారా? రెండేళ్లకొకసారి కంపెనీ మారినవాళ్లు అన్ని ప్రాజెక్టుల మొదళ్లే చూసి ఉంటారు. ఒక్కటి చివరిదాకా చూసినా చాలు, దాని గురించి గంటసేపు మాట్లాడగలుగుతారు. మాట్లాడేటప్పుడు పాత కంపెనీ ధరలు, కస్టమర్ పేర్లు బయటపెట్టకండి. అవి చెప్పేసేవాళ్లను నేను తీసుకోను, రేపు మావి కూడా చెబుతారు.

మధ్యస్థాయి కంపెనీ అన్నారు కదా, ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మన హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్ పరిశ్రమ ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ నీడలో పెరిగింది, అక్కడ పనిచేసి బయటికొచ్చిన టెక్నోక్రాట్లు సొంత కంపెనీలు పెట్టారు. అలాంటి కంపెనీల్లో మొదటి నుంచీ ప్రమోటరే బీడీ హెడ్. పాత కస్టమర్లు ఇప్పటికీ ఆయనకే ఫోన్ చేస్తారు. మీరు కోట్ చేసిన ధరకు రెండు డాలర్లు తగ్గించి ఆయన ఫోన్‌లో ఒప్పేసుకుంటే మార్కెట్‌లో మీ మాటకు విలువ ఉండదు. అది ఆయన తప్పని అనను, ఆయన కట్టిన కంపెనీ. చేరే ముందే ఆయనతో ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోండి. ఏ మేరకు ధర నిర్ణయం మీది, ఏ కస్టమర్లు ఆయనవి, ఎవరైనా నేరుగా ఆయనకు ఫోన్ చేస్తే ఏం చేస్తారు? గౌరవంగా అడిగితే ఏ సార్ కూడా ఏమీ అనుకోరు. అడిగినందుకే ఆఫర్ పోతే, పోయిన ఉద్యోగం మీరు చేయగలిగింది కాదు.

చివరగా ఆఫర్ లెటర్‌లో "డైరెక్టర్" అంటే ఏమిటో చూసుకోండి. కంపెనీల చట్టం 2013 ప్రకారం బోర్డులో నియమితులైనవాళ్లే డైరెక్టర్లు. మన రంగంలో చాలా పోస్టులకు అది హోదా పేరు మాత్రమే, దానితో బోర్డు డైరెక్టర్‌కుండే చట్టపరమైన బాధ్యత రాదు. కానీ డిన్ (డైరెక్టర్ గుర్తింపు సంఖ్య) తీసుకోమని, డీఐఆర్-2 సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమని అడిగితే మీరు నిజంగానే బోర్డులోకి వెళుతున్నట్టు. అప్పుడు విషయం మారిపోతుంది. 2025 నవంబర్‌లో ఫ్యాక్టరీ చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రతా కోడ్ కింద కూడా కంపెనీ విషయంలో బోర్డు డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపయర్ (ఫ్యాక్టరీకి చట్టరీత్యా బాధ్యులు) అవుతారు, రియాక్టర్ పేలి ప్రాణం పోతే కేసు ఆ పేరు మీదికే వస్తుంది. ఆక్యుపయర్ ఎవరో రాతపూర్వకంగా అడగండి, డైరెక్టర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉందో లేదో అడగండి, సంతకం పెట్టే ముందు ఒక కంపెనీ సెక్రటరీకి కాగితాలు చూపించండి. ఇంటర్వ్యూలో మాత్రం జీతం కంటే ముందు ఒక్కటి అడగండి: గత మూడేళ్లలో బీడీ వద్దన్నందుకు కంపెనీ వదిలేసుకున్న ఆర్డర్ ఏదైనా ఉందా? వాళ్లు ఆలోచించి ఒక ఉదాహరణ చెప్పగలిగితే నిశ్చింతగా చేరండి.